ముందు బండి చూపించండి, తర్వాత డిపాజిట్ అడగండి

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు మనం ఎన్ని చెకింగ్‌లు చేస్తామో మీకు చెప్పక్కర్లేదు. ఐఎంఈఐ కొట్టి చూస్తాం, బ్యాటరీ హెల్త్ అడుగుతాం, డిస్‌ప్లే మార్చారేమో అని వెలుతురులో అటూ ఇటూ తిప్పుతాం. 15,000 రూపాయల ఫోన్‌కే ఇంత హడావిడి. అదే మనం ఆన్‌లైన్ వేలంలో 3 లక్షల కారుకి ఆరు ఫొటోలు చూసి, 20,000 డిపాజిట్ కట్టి, బిడ్ బటన్ నొక్కేస్తున్నాం. ఇంజిన్ సౌండ్ కూడా వినకుండా!

గ్యాడ్జెట్ సైట్‌లో కార్ల గోల ఏంటి అనుకోకండి. ఇప్పుడు ఈ వ్యవహారం మొత్తం ఒక యాప్. రిజిస్ట్రేషన్, కేవైసీ, డిపాజిట్, బిడ్, కౌంట్‌డౌన్, అన్నీ ఫోన్‌లోనే. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో, ఎల్‌బీ నగర్ బ్యాచిలర్ రూముల్లో ఉండే మా వయసు వాళ్ళు ఫ్లాష్ సేల్ చూసినంత ఈజీగా దీన్ని చూస్తున్నారు. అందుకే ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా నా ఒపీనియన్ చెప్తున్నా: ఈ ప్రాసెస్ డిజైన్‌లోనే తప్పుంది. డబ్బు ముందు, బండి తర్వాత అనే వరుస మారాలి.

అసలు ఈ వేలం ఎలా నడుస్తుంది?

లోన్ వాయిదాలు కట్టలేకపోతే ఫైనాన్స్ వాళ్ళు బండి పట్టుకుపోతారు. మన దగ్గర "సీజింగ్ బండి" అంటాం. ఆ బండి ఊరి బయట ఒక యార్డ్‌కి చేరుతుంది. తర్వాత బ్యాంక్ దాన్ని వేలం ప్లాట్‌ఫామ్‌లో పెడుతుంది. శ్రీరామ్ ఆటోమాల్ లాంటి ప్రైవేట్ సంస్థలు ఈ పని చేస్తాయి. ప్రభుత్వ శాఖల పాత వాహనాలైతే ఎక్కువగా ఎంఎస్‌టీసీ ద్వారా వెళ్తాయి. 1964లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. మన ఆర్టీసీ తుక్కు బస్సులు కూడా దాంట్లో వేలానికి వచ్చాయి.

లిస్టింగ్ ఓపెన్ చేస్తే కొన్ని ఫొటోలు, మోడల్ సంవత్సరం, యార్డ్ పేరు, "ఆర్‌సీ ఉంది / లేదు", "తాళం ఉంది / లేదు" అనే కాలమ్స్ ఉంటాయి. బిడ్ వెయ్యాలంటే ముందు డిపాజిట్ కట్టాలి. నేను చూసిన లిస్టింగ్స్‌లో కారుకి 10,000 నుంచి 20,000 వరకు అడుగుతున్నారు. గెలిస్తే అది బండి ధరలో కలుస్తుంది, ఓడితే వెనక్కి వస్తుంది, గెలిచి కొనకపోతే పోతుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మీదే హైయెస్ట్ బిడ్ అయినా బండి మీది అయిపోదు. చాలా వేలాల్లో బ్యాంక్ అప్రూవల్ ఇవ్వాలి. రేటు నచ్చకపోతే వాళ్ళు కాదనొచ్చు. ఆ నిర్ణయం వచ్చేదాకా మీ డబ్బు అక్కడే ఇరుక్కుని ఉంటుంది. అంటే బ్యాంక్‌కి మనసు మార్చుకునే హక్కు ఉంది, మీకు లేదు.

డిపాజిట్ తప్పు కాదు

ముందే ఒకటి క్లియర్‌గా చెప్పాలి. డిపాజిట్ వద్దు అని నేను అనట్లేదు. డిపాజిట్ లేకపోతే ఏమవుతుందో ఊహించండి. టైంపాస్ గాళ్ళు పది లక్షలకి బిడ్ వేసి మాయమైపోతారు. డీలర్లు తమ రేటు పెంచుకోడానికో, పక్కవాణ్ణి భయపెట్టడానికో దొంగ ఐడీలతో ఆడుకుంటారు. నిజంగా బండి కావాల్సినవాడికి న్యాయం జరగదు. సీరియస్‌గా ఉన్నవాళ్ళనే లోపలికి రానివ్వడానికి కొంత డబ్బు పెట్టమనడం కరెక్టే.

నా అభ్యంతరం వేరే. డిపాజిట్ అమ్మేవాడికి రక్షణ. మరి కొనేవాడికి రక్షణ ఏది? "ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే" అనే షరతు మీద అమ్ముతున్నప్పుడు, ఎలా ఉందో చూసుకునే అవకాశం ఒక్కటే కొనేవాడి చేతిలో ఉన్న ఆయుధం. దాన్ని కూడా డిపాజిట్ వెనకాల దాచిపెడితే ఎలా?

యార్డ్‌లో చూసింది

మా రూమ్మేట్‌ది మిర్యాలగూడ దగ్గర ఒక ఊరు. అమ్మానాన్నల్ని ఎండలో బస్సులకి నిలబెట్టొద్దని ఒక చిన్న పెట్రోల్ కారు వెతుకుతున్నాడు. ఒక ప్లాట్‌ఫామ్‌లో నచ్చిన బండి దొరికింది. పేరు చెప్పను, ఇది ఏ ఒక్కరి కథా కాదు. యార్డ్‌కి వెళ్ళి చూడాలంటే టోకెన్ కావాలి, టోకెన్ కావాలంటే 20,000 డిపాజిట్ కట్టాలి. కట్టాడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి బైక్ మీద ఎల్‌బీ నగర్ రింగ్ రోడ్డు దాటి, విజయవాడ హైవే ఎక్కి హయత్‌నగర్ అవతలికి ఇద్దరం వెళ్ళాం. తోడుగా కొత్తపేటలో షెడ్ ఉన్న మా తెలిసిన మెకానిక్ అన్న కూడా వచ్చాడు.

బండి మూడో వరుసలో ఉంది. ముందు రెండు బండ్లు, వెనక గోడ. డోర్ సగమే తెరుచుకుంటుంది.

"అన్నా, ఒకసారి స్టార్ట్ చేస్తరా?" అని మావాడు గార్డ్‌ని అడిగాడు.

"బ్యాటరీ లేదు తమ్మీ. చూస్కోని పోవుడే."

"మేం బ్యాటరీ తెచ్చుకుంటే?"

"పర్మిషన్ లేదు. గెల్చినంక బయటికి తీస్తరు, అప్పుడు చూస్కోర్రి."

మెకానిక్ అన్న బానెట్ మీద చెయ్యి వేసి నవ్వాడు. "ఇంజిన్ ఇనకుండ రేటు చెప్పుమంటే నేను మెకానిక్ కాదు తమ్మీ, జాతకం చెప్పేటోడు కావాలె."

మావాడు బిడ్ వెయ్యలేదు. డిపాజిట్ వెనక్కి అడిగాడు. రెండు మెయిల్స్, నాలుగు ఫోన్ కాల్స్, మూడు వారాలు. డబ్బు మొత్తం వచ్చింది, నిజమే. కానీ ఆ మూడు వారాల్లో దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక ఓనర్ దగ్గర మంచి బండి వస్తే అడ్వాన్స్ ఇవ్వడానికి మావాడి దగ్గర డబ్బు లేదు. 20,000 అంటే కంపెనీకి ఒక ఎంట్రీ మాత్రమే. కొత్తగా జాబ్‌లో చేరినవాడికి అది రెండు నెలల హాస్టల్ ఫీజు.

చూడకుండా గెలిస్తే గెలుపు కాదు

దీనికి ఒక థియరీ కూడా ఉంది. 1971లో అమెరికాలో ఆయిల్ కంపెనీ ఇంజనీర్లు ముగ్గురు, కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్, ఒక పేపర్ రాశారు. ఆయిల్ బ్లాకుల వేలంలో గెలిచిన కంపెనీలు అనుకున్నంత లాభం ఎందుకు చూడట్లేదు అన్నది వాళ్ళ ప్రశ్న. జవాబు సింపుల్. ఒకే వస్తువుకి అందరూ తలో అంచనా వేస్తారు. కొందరు తక్కువ, కొందరు ఎక్కువ. గెలిచేది ఎవరు? అందరికంటే ఎక్కువగా అంచనా వేసినవాడు. అంటే అందరికంటే ఎక్కువ పొరపాటు పడ్డవాడు గెలిచే అవకాశమే ఎక్కువ. దీన్నే గెలిచినవాడి శాపం అంటారు.

మన లెక్కలో చూద్దాం. ఒక కారు నిజమైన విలువ 2.5 లక్షలు అనుకోండి. ఫొటోలు మాత్రమే చూసిన ఐదుగురు 1.8, 2.2, 2.5, 2.8, 3.2 లక్షలు అని అంచనా వేశారు. ఎవరి అంచనా దాకా వాళ్ళు బిడ్ వేస్తూ పోతే, చివరివాడు 2.8 దాటించి బండి ఎత్తుకుపోతాడు. గెలిచిన నిమిషంలోనే 30,000 పైన నష్టం. అదే ఐదుగురూ ఇంజిన్ విని, కింద తుప్పు చూసి, క్లచ్ తొక్కి ఉంటే అంచనాలు 2.4కి, 2.6కి మధ్యకి వచ్చేసేవి. శాపం చాలావరకు పోయేది. బండి చూపించడం వల్ల కలిగే లాభం ఇదే.

ఇంకొకటి. జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల మార్కెట్ మీదే ఒక పేపర్ రాశాడు, 2001లో ఎకనామిక్స్ నోబెల్ పంచుకున్నాడు. అమ్మేవాడికి బండి సంగతి తెలిసి, కొనేవాడికి తెలియకపోతే, కొనేవాడు భయంతో రేటు తగ్గించి అడుగుతాడు. ఆ రేటుకి మంచి బండి ఓనర్ అమ్మడు. చివరికి మార్కెట్‌లో డొక్కు బండ్లే మిగులుతాయి.

చూడకుండా కొనే పద్ధతి ఎక్కడా నడవదని కాదు. జపాన్‌లో కార్ల వేలాలు ఏళ్ళ తరబడి అలా నడుస్తున్నాయి. కాకపోతే అక్కడ ప్రతి బండికి ఒక ఆక్షన్ షీట్ ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ బండి చూసి గ్రేడ్ ఇస్తాడు. గీత ఎక్కడ, సొట్ట ఎక్కడ అని బొమ్మ మీద గుర్తులు పెడతాడు. యాక్సిడెంట్‌లో బాడీ రిపేర్ అయిన బండికి ఆర్ అనే గ్రేడ్ విడిగా ఉంటుంది. కొనేవాడు బండిని కాదు, ఆ షీట్‌ని నమ్మి కొంటాడు. మన లిస్టింగ్స్‌లో ఆరు ఫొటోలు, ఒక "లేదు" కాలమ్ పెట్టి అదే నమ్మకం అడుగుతున్నారు.

పది నిమిషాలు ఇస్తే చాలు

చూపించడం అంటే కారుని వారం రోజులు ఇవ్వమని అడగట్లేదు. ఒక బ్యాటరీ, ఒక తాళం, పది నిమిషాలు. మన రీడర్స్‌కి ఆ పది నిమిషాలు చాలు.

2013 తర్వాత వచ్చిన దాదాపు అన్ని కార్లలో స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్ ఉంటుంది. ఈఎల్‌ఎం 327 చిప్ ఉన్న బ్లూటూత్ డాంగిల్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. దాన్ని గుచ్చి, ఫోన్‌లో టార్క్ లాంటి యాప్ ఓపెన్ చేస్తే ఎర్రర్ కోడ్స్ కనిపిస్తాయి. కోడ్స్ ఏమీ లేవని సంతోషపడకండి. ఎవరైనా నిన్ననే చెరిపేసి ఉండొచ్చు. కోడ్స్ చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పే రీడింగ్ చాలా కార్లలో ఉంటుంది. అది 0 లేదా 2 చూపిస్తే, ఎవరో కావాలనే తుడిచారేమో అని అనుమానించాల్సిందే. రెడీనెస్ మానిటర్లు "పూర్తి కాలేదు" అని చూపించినా అదే అనుమానం. బ్యాటరీ పీకేసినా ఇవి రీసెట్ అయ్యే అవకాశం ఉంది కాబట్టి ఇదే ఫైనల్ తీర్పు కాదు, ఒక ప్రశ్న మాత్రమే. బ్యాటరీయే లేని బండికి ఆ ప్రశ్న కూడా అడగలేం.

టైర్ పక్కన డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. 20,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగిందని మీటర్ చెప్తూ, నాలుగు టైర్లూ బండి కంటే మూడేళ్ళు కొత్తవైతే ఆలోచించాల్సిందే.

మన వైపు ముఖ్యంగా చూడాల్సింది నీళ్ళు. 2020 అక్టోబర్ 13 రాత్రి వానకి సరూర్‌నగర్ చెరువు కింద కాలనీలు, ఎల్‌బీ నగర్, హయత్‌నగర్ వైపు కాలనీలు ఎలా మునిగాయో ఇక్కడివాళ్ళకి గుర్తుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వైపు వేల బండ్లు నీళ్ళలో నానాయి. అన్నీ తుక్కు కింద పోవు కదా, కొన్ని శుభ్రంగా కడిగి మళ్ళీ మార్కెట్‌లోకి వస్తాయి. సీట్ బెల్ట్ చివరిదాకా లాగితే బురద మరక కనిపిస్తుంది. కార్పెట్ ఎత్తితే వాసన వస్తుంది. సీట్ల కింద బోల్టులకి తుప్పు ఉంటుంది. ఇవేవీ ఫొటోలో కనపడవు. డోర్ సగమే తెరుచుకునే బండిలో అసలే కనపడవు.

కాగితాల్లో ఉన్న చిక్కు

బండి బాగుంటే సరిపోదు. సీజింగ్ బండికి ఆర్‌సీ తరచుగా పాత ఓనర్ దగ్గరే ఉండిపోతుంది. అతను ఇవ్వకపోతే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 51 ప్రకారం ఫైనాన్స్ కంపెనీ ఫారం 36 పెట్టి తన పేరు మీద కొత్త ఆర్‌సీ తీసుకోవచ్చు. ఆ తర్వాత మీ పేరుకి మారాలి. హైపోథికేషన్ తీసెయ్యడానికి ఫారం 35, ఓనర్‌షిప్ మార్పుకి ఫారం 29, 30. ప్రభుత్వం వేసిన వేలంలో కొంటే ఫారం 32. వీటిలో ఏది ఎవరు ఇస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నది బిడ్ వేసే ముందే రాతలో ఉండాలి. అప్పటిదాకా బండి మీ ఇంటి ముందు ఉంటుంది, రికార్డులో ఇంకొకరి పేరు ఉంటుంది. రికార్డులో పేరున్నవాడే ఓనర్ కింద లెక్క, యాక్సిడెంట్ పరిహారం బాధ్యత అతనిదే అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో చెప్పింది. అంటే ట్రాన్స్‌ఫర్ లేటైతే బండి పోగొట్టుకున్న ఆ పాత ఓనర్‌కే మళ్ళీ ముప్పు.

డిపాజిట్ పోతే కోర్టు చూసుకుంటుందిలే అనుకుంటే అది కూడా అంత ఈజీ కాదు. కైలాష్ నాథ్ కేసులో 2015లో సుప్రీంకోర్టు, కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 కింద అడ్వాన్స్ జప్తు చెయ్యాలంటే అవతలివాళ్ళకి నష్టం జరిగి ఉండాలి అంది. కానీ అదే తీర్పులో, బహిరంగ వేలం షరతుల ప్రకారం ఒప్పందం కుదరకముందే జప్తు జరిగితే ఆ సెక్షన్ వర్తించదు అని కూడా చెప్పింది. కాబట్టి మీరు చదవకుండా "అగ్రీ" కొట్టిన ఆ షరతులే చాలావరకు మీ గతిని నిర్ణయిస్తాయి.

దీనికి టెక్ సొల్యూషన్ ఎప్పుడో ఉంది

నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే. ఐపీఓకి అప్లై చేసినవాళ్ళకి తెలుసు, మన డబ్బు ఎక్కడికీ పోదు. మన అకౌంట్‌లోనే బ్లాక్ అవుతుంది. షేర్లు వస్తే కట్ అవుతుంది, రాకపోతే బ్లాక్ తీసేస్తారు. అస్బా అనే ఈ పద్ధతిని సెబీ 2016 జనవరి నుంచి పబ్లిక్ ఇష్యూల్లో ఇన్వెస్టర్లందరికీ తప్పనిసరి చేసింది. 2018లో యూపీఐ 2.0తో వన్ టైమ్ మాండేట్ వచ్చింది, 2019 నుంచి ఐపీఓలకీ యూపీఐ వాడుతున్నారు.

కార్ల వేలానికి అదే ఎందుకు పెట్టకూడదు? 20,000 నా అకౌంట్‌లోనే బ్లాక్ చెయ్యండి. గెలిచి కొనకపోతే కట్ చేసుకోండి. ఓడిపోతే ఆ రాత్రికే వదిలెయ్యండి. అమ్మేవాడికి గ్యారంటీ అంతే ఉంటుంది, కొనేవాడి డబ్బు కొనేవాడి దగ్గరే ఉంటుంది. రీఫండ్ కోసం మెయిల్స్ పెట్టే పనే ఉండదు. డబ్బు తీసుకోవడం ఒక సెకండ్‌లో జరిగి, తిరిగి ఇవ్వడానికి మూడు వారాలు పట్టే సిస్టమ్‌ని ఎవరో కూర్చుని అలా డిజైన్ చేశారు. వేరేలా కూడా చెయ్యొచ్చు.

రెండోది, చూడటం ఫ్రీగా ఉండాలి. ఎంఎస్‌టీసీ కేటలాగ్‌లో వేలానికి ముందు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా సరుకు చూసుకోవచ్చని రాసి ఉంటుంది. యార్డ్‌లో గుంపు వద్దంటే ఆధార్ చూసి స్లాట్ ఇవ్వండి, 100 రూపాయల ఎంట్రీ ఫీజు పెట్టండి. డిపాజిట్ బిడ్ కోసం మాత్రమే అడగండి. మూడోది, బండి స్టార్ట్ అయిన వీడియో, ఓబీడీ రిపోర్ట్ లిస్టింగ్‌లో పెట్టండి. స్టార్ట్ కాకపోతే కాలేదని రాయండి. అబద్ధం రాస్తే డిపాజిట్ వెనక్కి ఇవ్వండి.

అవి మారేదాకా మన చేతిలో ఉన్నది

చూడనివ్వని బండికి బిడ్ వెయ్యకండి. వేసి తీరాలనుకుంటే, ఇంజిన్ పని, నాలుగు టైర్లు, బ్యాటరీ, పెండింగ్ చలాన్లు, ప్లాట్‌ఫామ్ ఫీజు, దాని మీద జీఎస్టీ, యార్డ్ పార్కింగ్ ఛార్జీలు, అన్నీ తీసేశాక మిగిలిందే మీ మాక్సిమం. చలాన్లు తెలంగాణ పోలీస్ ఈ-చలాన్ సైట్‌లో బండి నంబర్ కొడితే వచ్చేస్తాయి. ఆ మాక్సిమం ఒక పేపర్ మీద రాసుకోండి, కౌంట్‌డౌన్ ఎర్రగా మారినా దాటకండి. డిపాజిట్ కంపెనీ పేరున్న అకౌంట్‌కే కట్టండి. వాట్సాప్‌లో "బ్యాంక్ సీజింగ్ కార్లు సగం ధరకే" అంటూ ఎవరో పర్సనల్ యూపీఐ నంబర్ పంపితే అది వేలం కాదు, మోసం. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి.

చివరిగా ఒక మాట. ఇదంతా కొనేవాళ్ళ గోల మాత్రమే కాదు. వేలంలో బండి తక్కువకి పోతే, బ్యాంక్ మిగిలిన బాకీని పాత ఓనర్ నుంచి వసూలు చేసుకోవచ్చు. ఆ యార్డ్‌లో పసుపు నంబర్ ప్లేట్ క్యాబ్‌లు ఎన్నో ఉన్నాయి. ఎవరిదో బతుకుదెరువు అది. బండి సరిగ్గా చూపించకపోవడం వల్ల భయపడి మనం 40,000 తగ్గించి బిడ్ వేస్తే, ఆ 40,000 బ్యాంక్ జేబులోంచి కాదు, ఇప్పటికే బండి పోయి ఇంట్లో కూర్చున్న ఆ డ్రైవరన్న నెత్తిన పడుతుంది. ఒక బ్యాటరీ, ఒక తాళం, పది నిమిషాల టైమ్ ఇస్తే ఆయన అప్పు కొంత తగ్గుతుంది, మన రిస్కూ తగ్గుతుంది. ఇంత చిన్న పని చెయ్యకుండా, ముందు డిపాజిట్ కట్టండి అనడం మాత్రం నాకు అస్సలు ఒప్పుకోబుద్ధి కావట్లేదు.